ఏ ఆపరేషన్ అన్నది జబ్బును బట్టి

(యల్లాప్రగడ సుబ్బారావు స్మృతిలో సికింద్రాబాద్ మారేడ్‌పల్లిలో చేసిన ప్రసంగ పాఠం)

యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు వినగానే మనవాళ్లు ఆయన ప్రయోగశాల లోకానికిచ్చిన మందుల పట్టీ అందుకుంటారు. ఆ పట్టీ వెనక ఒక జబ్బు ఉందన్న సంగతి తరచుగా మరుగున పడుతుంది. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన యౌవనంలోనే ఇద్దరు సోదరులను స్ప్రూ వ్యాధి వల్ల పోగొట్టుకున్నారు. తానూ దాని బారినపడి బయటపడ్డారు. స్ప్రూ వచ్చిన మనిషి తింటూనే ఉంటాడు, తిన్నది మాత్రం ఒంటబట్టదు. చిన్నపేగు పోషకాలను సరిగా పీల్చుకోదు, రక్తం పలచబడుతుంది, మనిషి చిక్కి శల్యమవుతాడు. 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసి అలాంటి రక్తహీనతకు మందు చూపింది. ఆయన 1948లో కన్నుమూశారు. ఆ తరువాత ఇరవై ఏళ్లు తిరక్కముందే వైద్యం చిత్రమైన మలుపు తిరిగింది. అతిబరువుతో కుంగిపోతున్న మనిషిని కాపాడటానికి, తిన్నది పూర్తిగా ఒంటబట్టనివ్వని ఆపరేషన్లను శస్త్రవైద్యులు కావాలనే చేయసాగారు. సుబ్బారావు గారి స్మృతిలో బరువు తగ్గించే శస్త్రచికిత్స గురించి మాట్లాడటం అందుకే అసందర్భం కాదనుకుంటున్నాను.

అవసరం ఎంతమందికి ఉందో ముందు చూద్దాం. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 30.1 శాతం, పురుషుల్లో 32.3 శాతం బరువు హద్దు దాటినవారే. ఆంధ్రప్రదేశ్ మహిళల్లో అది 36.3 శాతం. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని తేల్చింది. మన ప్రాంతంలో అతిబరువు ఒంటరిగా రావడం తక్కువ. షుగరో, బీపీయో, థైరాయిడో, మోకాళ్ల నొప్పులో వెంటబెట్టుకునే వస్తుంది. అలాంటి రోగి ఆపరేషన్ దాకా వెళ్తే, ఇంటిల్లిపాదీ ముందు అడిగే ప్రశ్న: స్లీవా, బైపాసా? ఆ వెంటనే ఇంకో ప్రశ్న: దేంతో ఎక్కువ కిలోలు తగ్గుతాయి? ఈ రెండో ప్రశ్నే మనల్ని పక్కదారి పట్టిస్తోందన్నది ఇవాళ నా వాదన. దీర్ఘవ్యాధి ఉన్న మనిషికి ఏ ఆపరేషన్ చేయాలో నిర్ణయించాల్సినవి మూడు: ఆ వ్యాధి ఏ దశలో ఉంది, దానికి ఏ మందులు వాడుతున్నారు, ఆపరేషన్ తరువాత జీవితాంతం సాగాల్సిన కాపుదల వారికి సాధ్యమా. కిలోల లెక్క ఆ తరువాతిది.

ముందు ఈ ఆపరేషన్లలో జరిగేదేమిటో దగ్గరగా చూడాలి. బైపాస్ పాతది. 1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ దానికి దారి వేశారు. ఇవాళ చేసే పద్ధతిలో జీర్ణాశయం పైభాగాన ఒకటి రెండు ఔన్సులు పట్టే చిన్న సంచిని మిగతాదాని నుంచి వేరుచేస్తారు. చిన్నపేగును కోసి కింది కొసను పైకి తెచ్చి ఆ సంచికి కుడతారు. మిగతా జీర్ణాశయం కడుపులోనే ఉంటుంది గాని అన్నం దాని ముఖం చూడదు. చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలానికీ అంతే. స్లీవ్ కొత్తది. పెద్ద ఆపరేషన్‌కు తట్టుకోలేని రోగులకు మొదటి విడతగా చేసినది, దానితోనే చాలామంది బరువు తగ్గడంతో స్వతంత్ర చికిత్సగా నిలబడింది. ఇందులో నోటి ద్వారా ఒక గొట్టాన్ని జీర్ణాశయంలోకి దింపి, దాని పక్కన గీత గీసినట్టు స్టేప్లర్‌తో కుట్టుకుంటూ పోయి, నూటికి ఎనభై వంతుల జీర్ణాశయాన్ని కోసి బయటకు తీసేస్తారు. మిగిలేది అరటిపండు ఆకారంలో సన్నని గొట్టం. పేగుల జోలికి వెళ్లరు. కానీ తీసేసింది మళ్లీ రాదు. వీటి నడుమ ఒకే కుట్టుతో ముగిసే మినీ బైపాస్ ఉంది, మన దేశంలోనూ చేస్తున్నారు. జీర్ణాశయం పైభాగాన పట్టీ బిగించే బ్యాండ్ ఆపరేషన్ ఒకప్పుడు వెలిగింది, ఇప్పుడు దాదాపు మూలపడింది. రెండు ప్రధాన ఆపరేషన్లూ కడుపును చిన్నది చేయడంతో ఆగవు. ఆకలి పుట్టించే హార్మోన్లనూ, ఇన్సులిన్‌ను ప్రేరేపించే పేగు హార్మోన్లనూ మారుస్తాయి. బరువు పెద్దగా తగ్గకముందే షుగరు దిగడం మొదలవడానికి ఇది ఒక కారణం.

ఇక సాక్ష్యం. ఈ రెండింటినీ చీటీ వేసినట్టు యాదృచ్ఛికంగా రోగులకు కేటాయించి ఏళ్ల తరబడి గమనించిన పరిశోధనలు యూరప్‌లో జరిగాయి. ఫిన్లాండ్‌లో 240 మందితో మొదలైన అధ్యయనం పదేళ్ల ఫలితాలను 2022లో ప్రకటించింది. అదనపు బరువులో స్లీవ్ వాళ్లు 43.5 శాతం, బైపాస్ వాళ్లు 50.7 శాతం పోగొట్టుకున్నారు. తేడా ఉంది గాని ఆకాశానికీ భూమికీ ఉన్నంత లేదు. అదే అధ్యయనంలో జబ్బుల వైపు చూస్తే దృశ్యం మారుతుంది. అన్నవాహికలో వాపు, పుండ్లు స్లీవ్ వారిలో 31 శాతానికి కనిపిస్తే బైపాస్ వారిలో 7 శాతానికే. బీపీ మందులు అక్కర్లేని స్థితి స్లీవ్‌తో 8 శాతానికి, బైపాస్‌తో 24 శాతానికి దక్కింది. స్విట్జర్లాండ్‌లో అయిదేళ్లు సాగిన మరో అధ్యయనంలో, ముందే గుండెమంట ఉన్నవారిలో అది ముదిరింది స్లీవ్ తరువాత 31.8 శాతానికి, బైపాస్ తరువాత 6.3 శాతానికి. నార్వేలో మధుమేహ రోగులమీదే చేసిన పరిశోధనలో ఏడాది తిరిగేసరికి షుగరు నెమ్మదించినవారు, అంటే మందులు లేకుండానే అది అదుపులోకి వచ్చినవారు, బైపాస్‌తో 74 శాతం, స్లీవ్‌తో 47 శాతం. తూకం యంత్రం మీద ఈ రెండు ఆపరేషన్లు దగ్గరి చుట్టాలు. జబ్బుల మీద మాత్రం వాటి దారులు వేరు. ఎంపిక జబ్బును బట్టి జరగాలనడానికి మొదటి ఆధారం ఇదే.

అలాగైతే షుగరు ఉన్నవాళ్లందరికీ బైపాసే చేస్తే సరిపోతుంది కదా అని అడగవచ్చు. సరిపోదు. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్యులు 2017లో ఒక కొలమానం ప్రకటించారు. అందులో చూసేవి నాలుగు: షుగరుకు ఎన్నిరకాల మందులు వాడుతున్నారు, ఇన్సులిన్ ఉందా, జబ్బు వచ్చి ఎన్నేళ్లయింది, మూడు నెలల సగటు షుగరు అదుపులో ఉందా. వీటిని బట్టి జబ్బును తేలిక, మధ్యస్థం, తీవ్రం అని విడదీశారు. తేలిక దశలో దీర్ఘకాలం షుగరు నెమ్మదించినవారు బైపాస్‌తో 92 శాతం, స్లీవ్‌తో 74 శాతం. మధ్యస్థ దశలో 60, 25 శాతాలు. తీవ్ర దశకు వచ్చేసరికి రెండింటికీ 12 శాతమే. అంటే బైపాస్ తన పూర్తి ఆధిక్యం చూపేది మధ్య దశలో. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలు అలసిపోయాక పేగును ఎంత తిప్పి కుట్టినా పిండేందుకు అక్కడ మిగిలింది తక్కువ. అప్పుడు తక్కువ పోషక నష్టం ఉన్న స్లీవ్‌నే ఎంచుకోవడం వివేకం అవుతుంది. ఈ కొలమానం అమెరికా రోగులమీద కట్టింది. మనవాళ్లకు ఇంకా తక్కువ బరువులోనే, తక్కువ వయసులోనే షుగరు వస్తుంది. కాబట్టి ఆ అంకెలను వేదవాక్కుగా తీసుకోలేం. కానీ జబ్బు వయసును లెక్కలోకి తీసుకోవాలన్న సూత్రం మనకు ఇంకా గట్టిగా వర్తిస్తుంది. షుగరు పోయిందని పండగ చేసుకోవడంలోనూ నిదానం కావాలి. స్వీడన్‌లో సాగిన పెద్ద అధ్యయనంలో రెండేళ్లకు 72 శాతం మందికి షుగరు నెమ్మదిస్తే, పదిహేనేళ్లకు అలా మిగిలింది 30 శాతమే.

షుగరు ఒక్కటే దీర్ఘవ్యాధి కాదు. మోకాళ్ల నొప్పులకు ఏళ్ల తరబడి నొప్పి బిళ్లలు మింగేవారికి బైపాస్ చేస్తే, సంచికీ పేగుకూ వేసిన కుట్టు దగ్గర పుండు పడే ప్రమాదం పెరుగుతుంది. ఆ బిళ్లలు మానలేని రోగికి స్లీవ్ వైపు మొగ్గడం సబబు. కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ సుబ్బారావు గారి ప్రయోగశాల చలవే. అది ఫోలిక్ ఆమ్లానికి ఎదురు నిలిచే మందు కాబట్టే ఆ రోగులు ఫోలిక్ బిళ్ల కూడా వేసుకుంటారు. పేగు దారి మార్చేముందు ఆ రెండింటి లెక్కా చూడాలి. కిడ్నీలో రాళ్ల తత్వం ఉన్నవారికి బైపాస్ తరువాత మూత్రంలో ఆక్సలేట్ పెరిగి రాళ్లు ఎక్కువ కావచ్చు. కిడ్నీ మార్పిడికి ఎదురుచూసేవారికి, మార్పిడి మందుల మోతాదు చిక్కుపడకుండా సాధారణంగా స్లీవ్‌నే ఇష్టపడతారు. క్రోన్స్ వంటి పేగు జబ్బు ఉంటే చిన్నపేగును కదపకపోవడమే మేలు. థైరాయిడ్ బిళ్ల, మెల్లగా కరిగే బీపీ బిళ్లలు పాత మోతాదులోనే పనిచేస్తాయన్న హామీ లేదు. ఇన్సులిన్ వాడేవారికి ఆపరేషన్ అయిన రోజుల్లోనే మోతాదు తగ్గించకపోతే షుగరు ప్రమాదకరంగా పడిపోతుంది. కంటి రెటీనా దెబ్బతిన్న షుగరు రోగికి, చక్కెర ఒక్కసారిగా దిగితే చూపుకు చేటు రావచ్చు, కాబట్టి ముందే కంటి పరీక్ష కావాలి.

అన్నిటికంటే ఎక్కువగా మన ప్రాంతానికి చెందిన ప్రశ్న పోషణది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతానికి రక్తహీనత ఉంది. ఇనుము ముఖ్యంగా పీల్చుకునేది ఆంత్రమూలంలో. బైపాస్ తప్పించేది దాన్నే. షుగరుకు ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడేవారిలో బి12 ముందే తగ్గి ఉండవచ్చు. శాకాహారుల్లో అది ఇంకా తక్కువ ఉండవచ్చు. ఆపరేషన్ తరువాత రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు తినమంటారు, పళ్లెంలో అన్నం ఎక్కువ, పప్పు పలచన అయినవారికి పిడికెడు పట్టే కడుపుతో అది తేలిక కాదు. మినీ బైపాస్‌ను మామూలు బైపాస్‌తో పోల్చిన ఫ్రాన్స్ పరిశోధన 2019లో వెలువడింది. బరువు తగ్గడంలో రెండూ సమానం, కానీ తీవ్రమైన పోషకాహార సమస్యలు మినీ బైపాస్ వైపే కనిపించాయి. మారేడ్‌పల్లికి దగ్గర్లోనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అది 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ నడిపిన బెరిబెరి విచారణతో పుట్టి 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. బెరిబెరి థయమిన్ అనే విటమిన్ లోపం వల్ల వచ్చే జబ్బు. మరపట్టిన బియ్యం తిన్న పేదలను పట్టి పీడించిన ఆ లోపమే నేడు, ఆపరేషన్ తరువాత వారాల తరబడి వాంతులు ఆగని రోగిలో మళ్లీ తలెత్తుతుంది. అడుగులు తడబడతాయి, ఎదుటివి రెండుగా కనిపిస్తాయి, మతి తప్పుతుంది. వెంటనే థయమిన్ ఎక్కిస్తే మనిషి దక్కుతాడు, ఆలస్యమైతే మెదడుకు శాశ్వత నష్టం. కాబట్టి ఆపరేషన్‌కు ముందే ఇనుము, బి12, ఫోలేట్, డి విటమిన్ పరీక్షలు చేసి లోపాలు సరిదిద్దాలి. అవి సరిదిద్దుకోలేనివారికి, జీవితాంతం బిళ్లలు కొనుక్కోలేనివారికి పేగును దారి మార్చే ఆపరేషన్ తగదు.

ఈ వాదనను ఇద్దరు ఊహాజనిత రోగులమీద పరీక్షించి చూద్దాం. ఇద్దరి శరీర ద్రవ్యరాశి సూచీ, అంటే బీఎంఐ, 34 అనుకుందాం. మొదటివారు 52 ఏళ్ల గృహిణి. పద్నాలుగేళ్లుగా షుగరు, రోజుకు రెండుపూటలా ఇన్సులిన్, మోకాళ్లకు నొప్పి బిళ్లలు, హిమోగ్లోబిన్ 9.5, గుండెమంట లేదు. రెండోవారు 41 ఏళ్ల ఉద్యోగి. నాలుగేళ్ల షుగరు, రెండు బిళ్లలతోనూ సరిగా అదుపులో లేదు, ఇన్సులిన్ లేదు, రాత్రిళ్లు పుల్లటి తేన్పులతో నిద్ర పట్టదు. తూకం ఇద్దరికీ ఒకటే మాట చెబుతుంది. జబ్బులు రెండు వేర్వేరు మాటలు చెబుతాయి. ఆమెకు బైపాస్ వల్ల షుగరులో వచ్చే అదనపు లాభం తక్కువ, రక్తహీనత, కుట్టు దగ్గర పుండు అనే నష్టాలు ఎక్కువ. రక్తం పుంజుకున్నాక స్లీవ్ చేయడమో, అసలు ఆపరేషన్ లేకుండా మందులతో నెట్టుకురావడమో ఆమెకు తగినవి. ఆయనకు షుగరూ గుండెమంటా రెండూ బైపాస్‌నే కోరుతున్నాయి. ఇద్దరికీ ఒకే ఆపరేషన్ చేసే ఆసుపత్రి వాళ్లలో ఒకరికి అన్యాయం చేసినట్టే.

దీనికి శస్త్రవైద్యుల నుంచి ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. ఏ చేతికి ఏ పని అలవాటో ఆ పనే ఆ చేతిలో క్షేమం, పుస్తకంలోని ఆదర్శ ఎంపిక కంటే నిపుణుడి చేయి ముఖ్యం అంటారు. ఈ మాటలో నిజం ఉంది. మంచి కేంద్రాల్లో ఈ ఆపరేషన్ల తరువాత నెల రోజుల్లోపు మరణాలు చాలా తక్కువ. 2009లో వెలువడిన అమెరికా అధ్యయనంలో అవి 0.3 శాతం. ఆ భద్రత అనుభవం వల్లే వచ్చింది. అయితే దాని నుంచి తేలేది రోగికి చేయి తిరిగిన వైద్యుడు కావాలన్నది మాత్రమే, వైద్యుడికి వచ్చిన ఆపరేషనే రోగికి కావాలన్నది కాదు. తనకు రాని ఆపరేషన్ రోగికి అవసరమైతే అది వచ్చినవారి దగ్గరకు పంపడం వైద్యధర్మం. గుండె వైద్యుడు కిడ్నీ రోగిని కిడ్నీ వైద్యుడి దగ్గరకు పంపించడంలో మనం తప్పు చూడం, ఇక్కడా చూడనక్కర్లేదు.

రెండో అభ్యంతరం కాలానికి తగినది. బరువు తగ్గించే ఇంజెక్షన్లు వచ్చాక ఇంకా కోతలెందుకు? టిర్జెపటైడ్ మందైన మౌంజారో మన దేశానికి 2025 మార్చిలో, సెమాగ్లూటైడ్ మందైన వెగోవీ జూన్‌లో వచ్చాయి. సెమాగ్లూటైడ్ 68 వారాల్లో సగటున 14.9 శాతం, టిర్జెపటైడ్ పెద్ద మోతాదు 72 వారాల్లో 20.9 శాతం బరువు తగ్గించాయని వాటి ప్రధాన పరిశోధనలు చూపాయి. షుగరుతో కిడ్నీ దెబ్బతిన్నవారిలో సెమాగ్లూటైడ్ తీవ్రమైన కిడ్నీ ముప్పును 24 శాతం తగ్గించిందని 2024లో తేలింది. ఇవి చిన్న విషయాలు కావు. చాలామందికి కత్తి అవసరం తప్పుతుంది, తప్పాలి కూడా. కానీ మందు ఆపితే ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్టూ పరిశోధనే చెప్పింది. పైగా ఈ మందులు నా వాదనను బలపరుస్తున్నాయి. ఎంచుకోవడానికి మార్గాలు పెరిగినకొద్దీ కిలోల లెక్క ఇంకా చాలదు. కిడ్నీ రోగికి ఏది, గుండెమంట రోగికి ఏది అని అడగక తప్పదు.

మూడో అభ్యంతరాన్ని మర్యాద కోసం పైకి అనరు గాని అది మనసులో ఉంటుంది: నోరు కట్టుకోలేనివాళ్లు చేసే పని ఇది. అతిబరువులో వంశం, హార్మోన్లు, మందులు, నగర జీవితం అన్నీ పాలు పంచుకుంటాయని తెలిశాక ఈ నిందకు విలువ లేదు. అయితే అలవాట్ల ప్రశ్న ఒక చోట నిజంగా ముఖ్యం. బైపాస్ తరువాత మద్యం త్వరగా, గట్టిగా తలకెక్కుతుంది. రెండో ఏడాది నుంచి మద్యపు వ్యసనం పెరిగినట్టు అమెరికా అధ్యయనం 2012లో చూపింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన తెలంగాణలో 15 ఏళ్లు దాటిన పురుషుల్లో 43.3 శాతం మద్యం తాగుతారు. ఈ సంగతి అడగకుండా బైపాస్ రాసేయడం నిర్లక్ష్యమే. అడిగేది నింద కోసం కాదు, ఎంపిక కోసం.

చివరి అడ్డంకి డబ్బు. బీమా నియంత్రణ సంస్థ 2019లో ఇచ్చిన నిబంధనల ప్రకారం ఈ ఆపరేషన్‌కు పాలసీ వర్తించాలంటే బీఎంఐ 40 ఉండాలి, లేదా అదుపు తప్పిన షుగరు, గుండె జబ్బు, నిద్రలో తీవ్రమైన శ్వాసభంగం వంటివాటితో 35 ఉండాలి. ఆసియావాసులకు 27.5 నుంచే ఆపరేషన్‌ను ఆలోచించవచ్చని అంతర్జాతీయ శస్త్రవైద్య సంఘాలు 2022లో చెప్పాయి. ఈ రెండు గీతల మధ్య పడిన మన రోగి ఏం చేస్తాడు? బరువు పెరిగేదాకా, షుగరు అదుపు తప్పేదాకా ఆగుతాడు. ఆగి ఆగి, ఆపరేషన్ బాగా పనిచేసే దశ దాటిపోయి, రెండింటికీ 12 శాతమే ఫలితం ఉన్న దశకు చేరి అప్పుడు బీమాకు అర్హుడవుతాడు. ప్రభుత్వ వైద్యంలోనూ ఈ ఆపరేషన్ అసాధ్యం కాదని ఉస్మానియా ఆసుపత్రి చూపింది. 2023లో రెండు వందల కిలోలు పైబడిన యువకుడికి అక్కడ ఆపరేషన్ చేశారు. కావలసింది ఆపరేషన్ థియేటర్ ఒక్కటే కాదు. ఏటేటా రక్తపరీక్ష, పోషకాహార నిపుణుల సలహా, విటమిన్ బిళ్లలు పేదవాడికీ అందాలి. బీమా గీతను ఆసియా శరీరాలకు తగ్గట్టు మార్చాలి.

ఈ సభలోని వారికి, వారి ఇళ్లలోని రోగులకు నా మనవి ఇది. ఏ ఆపరేషన్‌కైనా సంతకం పెట్టేముందు మీరు వాడే మందుల సంచీ మొత్తం డాక్టరు బల్లమీద పెట్టండి, నాటుమందులూ నొప్పి బిళ్లలూ దాచకుండా. నాలుగు ప్రశ్నలు అడగండి. నా షుగరు ఏ దశలో ఉంది? నా మందుల్లో ఏవి ఈ ఆపరేషన్‌తో పొసగవు? ఎండోస్కోపీ, ఇనుము, బి12 పరీక్షలు చేశారా? అయిదేళ్ల తరువాత నన్ను ఎవరు చూస్తారు? వీటికి జవాబు చెప్పకుండా ఎన్ని కిలోలు తగ్గుతారో మాత్రమే చెప్పే చోట ఆపరేషన్ చేయించుకోకండి.